పేరు ముందు మెలిక

సైకిల్ షాపు మేడ మీద గది,
జూన్ 8

వదినా,

ఫోనుండగా ఉత్తరమేమిటని నువ్వు కవరు చింపకముందే అడుగుతావని తెలుసు. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న స్పీకర్ పెడతారు. మొన్న నేను "వదినా, నీతో ఒక మాట" అన్నానో లేదో, అటువైపు నుంచి పక్కింటి మాస్టారు "చెప్పమ్మా, వింటున్నాం" అన్నారు. నీ ఫోన్‌కి చేద్దామంటే అది ఎప్పుడూ అమ్మ చేతిలో సీరియల్ చూపిస్తూ ఉంటుంది. అందుకని ఇకమీదట మన గుట్టంతా పోస్టులోనే.

గది బాగుంది. కింద సైకిల్ షాపు. పొద్దున్నే గాలి పంపు బుస్సు బుస్సుమంటుంది, అదే నా అలారం. కిటికీ మూయాలంటే సందులో తువ్వాలు దూర్చాలి. ఇంతకుమించి చెప్పుకోదగ్గ వసతులు లేవు, అయినా నాకు తెగ నచ్చేసింది.

ఇక ఉద్యోగం. సిటీ బస్సుల డిపో, రెండో అంతస్తు. బస్సులో డ్రైవరు వెనక లైట్ల బోర్డు మీద రాబోయే స్టాపు పేరు ఎర్రగా పాకుతూ పోతుంది చూడు, ఆ పేర్లను ఆదివారం తప్ప రోజూ పొద్దున బస్సులన్నిటికీ పంపించే కంప్యూటర్ స్క్రిప్టు ఇప్పుడు నా చేతిలో ఉంది. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటారు. లేదంటే మళ్ళీ నీ నెత్తి మీదే.

మా పై అధికారిని అందరూ సైలెన్సర్ అంటారు. ఆయన మాట్లాడడు. ఫైలు పెడితే చూస్తాడు, తల ఊపుతాడు, ఆ ఊపింది అవుననా కాదనా అని మేం బయటికొచ్చి వాదించుకుంటాం. నేను ఎక్కే బస్సు డ్రైవరు గేర్ అక్క. ఆవిడ గేరు మార్చినప్పుడల్లా బస్సులో సగంమంది పక్కవాళ్ళకి బంధువులైపోతారు. ఇంకొకతను ఉన్నాడు, స్టాపుల పేర్లు మైకులో చదివి రికార్డు చేస్తాడు. గోడలకి పరుపులు కొట్టిన చిన్న గదిలో అతని పని. మిగతా టైములో జనం బస్సుల్లో మర్చిపోయిన గొడుగులూ చెప్పులూ చూసుకుంటూ కౌంటర్లో కూర్చుంటాడు. అందరూ గొంతు అంటారు. మైకు ముందు అంత నిండుగా మాట్లాడే మనిషి, ఎదురుపడితే మాత్రం పెదవులు కదులుతాయి తప్ప మనకేం వినబడదు. రోజూ గడియారం సందు దగ్గర బస్సెక్కుతాడు. ఊరికే చెప్పాను.

నువ్వూ కోడు రాసేదానివే కాబట్టి పని సంగతి ఒకటి అడగాలి. నిన్న ఒక ఫంక్షన్, అదే స్క్రిప్టులో ఒక పని చేసిపెట్టే చిన్న ముక్క, రాసి దానికో అంకె ఇచ్చాను. లోపల దాన్ని పదింతలు చేశాను. బయటికొచ్చి చూస్తే నా అంకె నాకు చెక్కుచెదరకుండా ఉంది. అంటే ఫంక్షన్ లోపల ఎంత అల్లరి చేసినా బయట ప్రపంచానికి ఏమీ కాదన్నమాటే కదా? నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఆ ధైర్యంతో, నా బల్ల మీది బోర్డు వెలుగుతోందో లేదో చూడటానికి, స్టాపుల జాబితాను ఒక ఫంక్షన్‌కి ఇచ్చి అన్నిటికీ కొత్త పేర్లు పెట్టాను. కోర్టుకి "ఇంకో వాయిదా". లైబ్రరీకి "నెమ్మదిగా దిగండి, చదువుకుంటున్నారు". రెండో వంతెనకి "మొదటిది ఎక్కడో మాకూ తెలీదు". పెద్దాసుపత్రికి "త్వరగా ఇంటికెళ్ళండి". ఒక్కదాన్నే కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాను.

నువ్వెలా ఉన్నావు? అన్నయ్య ఇంకా గురక పెట్టనని వాదిస్తున్నాడా?

నీ గిలక్కాయ

---

మన ఇల్లు, వెనక వరండా,
జూన్ 13

ఏమే గిలక్కాయ్,

నీ ఉత్తరం చదువుతూ నవ్వుతుంటే అత్తయ్య వచ్చి "ఏం రాసింది, ఏం రాసింది" అని రెండుసార్లు అడిగింది. ఆరోగ్యంగా ఉందట, కూరలు తింటోందట అని చెప్పాను. ఇలా నీ కోసం ఎన్ని అబద్ధాలాడాలో ముందే చెప్పు, సిద్ధంగా ఉంటాను.

నేను ఇంట్లోనే ఉన్నాను. కాలు బెణికింది. మెట్ల మీద. పెద్దగా ఏం లేదు, ఆఫీసుకి సెలవు పెట్టి కాలు బల్ల మీద పెట్టుకుని రాస్తున్నాను. మీ అన్నయ్య గురక గురించి ఇప్పుడు మావయ్యే సాక్ష్యం చెప్తున్నారు.

నీ ప్రశ్నకి వస్తాను, జాగ్రత్తగా చదువు. నీకు నా ఫోటో ఇచ్చాననుకో. దానికి మీసాలు గీశావు, కొమ్ములు పెట్టావు. ఇక్కడ నా మూతికి ఏమవుతుంది? ఏమీ కాదు, ఎందుకంటే నీ దగ్గరున్నది కాపీ. నీ అంకె సంగతి అదే. ఫంక్షన్‌కి విలువ మాత్రం వెళ్ళింది, అసలుది నీ దగ్గరే ఉండిపోయింది. అలా కాక నేనే రైలెక్కి వచ్చి నీ ముందు కూర్చున్నాననుకో. నువ్వు పెన్ను తీసి మీసాలు గీశావు. అప్పుడు నేను ఆ మీసాలతోనే తిరిగి ఇంటికొస్తాను, అత్తయ్య తలుపు తీస్తుంది. ఇది రెఫరెన్స్ ఇవ్వడం. లోపలికెళ్ళింది కాపీ కాదు, అసలు మనిషే.

నువ్వు రాసే భాషలో మామూలుగా ఫంక్షన్‌కి కాపీయే వెళ్తుంది. అంకె అయినా, జాబితా అయినా అంతే. కానీ ఫంక్షన్ మొదటి వరసలో, తీసుకునే పేరుకి ముందు & అనే మెలిక గుర్తుందనుకో, అసలుదే వెళ్ళిపోతుంది. మోకాళ్ళు ముడుచుక్కూర్చున్న మనిషిలా ఉంటుంది ఆ గుర్తు. చూడ్డానికి సాధువు. నీకు పాత స్క్రిప్టుల్లోంచి వరసలు ఎత్తి అతికించుకునే అలవాటుంది, అందుకే భయం. ఈ ఉత్తరం అందగానే ఆ పేర్ల ఫంక్షన్ తెరిచి మొదటి వరస చూడు. మెలిక ఉంటే తీసెయ్. అసలు ఆ ఫంక్షన్నే తీసెయ్.

గొంతు సంగతి ఊరికే చెప్పానన్నావు. ఊరికే విన్నాను.

నీ వదిన

---

డిపో, రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల,
జూన్ 17

వదినా,

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. మోకాళ్ళు ముడుచుక్కూర్చున్న మనిషి అన్న మాట చదివి నేను కూడా అలాగే కూర్చుండిపోయాను. నీ ఉత్తరం మొన్ననే వచ్చుంటే ఎంత బాగుండేది.

ఏం జరిగిందో చెప్తాను. శనివారం సాయంత్రం పేర్ల ఫంక్షన్ని నా బల్ల మీది బోర్డు మీద చివరిసారి ఆడించుకుని, రోజూ స్క్రిప్టులోంచి తీసేసే దాన్ని ఆ రోజు తీయకుండానే ఇంటికెళ్ళిపోయాను. తీయడమెందుకు, లోపల జరిగింది లోపలే ఉంటుంది కదా అనుకున్నాను. నిన్న సోమవారం పొద్దున నిద్ర కళ్ళతో గేర్ అక్క బస్సెక్కాను. కోర్టు దగ్గర జనం నవ్వుతున్నారు. ఎవరో జోకు వేశారనుకున్నాను. లైబ్రరీ వచ్చేసరికి ఒక లాయరు, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు మునివేళ్ళ మీద అడుగులేస్తూ దిగారు. తలెత్తి చూస్తే బోర్డు మీద ఎర్రగా, నింపాదిగా, "నెమ్మదిగా దిగండి, చదువుకుంటున్నారు".

ఎదురొచ్చే బస్సు చూశాను, దాన్లోనూ అదే. దాని వెనక బస్సులోనూ అదే. వదినా, ఊళ్ళో బస్సులన్నీ నా పిచ్చిని మోసుకుని తిరుగుతున్నాయి. ఇంకో ఘోరమేమిటంటే, గొంతు రికార్డు చేసినవి స్టాపు నంబరును బట్టి మోగుతాయి కాబట్టి అవి సరిగ్గానే వస్తున్నాయి. పైనుంచి అతను గంభీరంగా "కూరగాయల మార్కెట్" అంటాడు, కింద బోర్డు "సంచి గట్టిదేనా" అని అడుగుతుంది. ఇద్దరూ కూడబలుక్కుని నాటకం వేస్తున్నట్టుంది.

డిపోకి పరిగెత్తాను. డిపో స్టాపు పేరేం పెట్టానో నీకు రాయలేదు కదూ. "సైలెన్సర్ గారి నిశ్శబ్ద నిలయం". గేటు దగ్గర మెకానిక్కులు నేల మీద కూర్చుని నవ్వుతున్నారు. సైలెన్సర్ మెట్ల మీద నిలబడి వచ్చిపోయే బస్సుల్ని చూస్తున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. ఈసారి ఆ ఊపులో నాకు సందేహం రాలేదు.

స్క్రిప్టు తెరిచాను. పాత ఫంక్షన్ మొదటి వరస ఎత్తి అతికించుకున్నాను, నువ్వన్నట్టే. దాన్లో పేరు ముందు మెలిక. స్క్రీను మీద మరకేమో అనుకుని శనివారం వేలితో తుడిచాను కూడా. గంటలో పేర్లన్నీ మళ్ళీ సరిచేసి పంపాను. ఇదంతా తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది, అదే నా బాధ.

ఎందుకంటే ఒక విషయానికి మాత్రం నవ్వు రావడం లేదు. ఒక పెద్దావిడ ఉంది, బొత్తిగా వినబడదు. మనవరాలికి కాన్పయిందని పెద్దాసుపత్రికి బయల్దేరింది. ఆవిడకి గొంతు వినబడదు కాబట్టి బోర్డే ఆధారం. బోర్డు మీద ఆసుపత్రి అన్న మాటే రాలేదు. ఆవిడ ఊరి చివరిదాకా వెళ్ళిపోయి, ఖాళీ బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే గేర్ అక్క చూసింది. బస్సు వెనక్కి తిప్పి తనే తీసుకెళ్ళింది. అప్పటికి లోపలికి వదిలే టైం దాటిపోయింది. పాప మొహం చూడకుండానే ఆవిడ ఇంటికెళ్ళింది.

ఆ బోర్డులు ఎవరి కోసం పెట్టారో నాకు అప్పటిదాకా తట్టనే లేదు వదినా.

గురువారం విచారణ. పెద్దాఫీసు నుంచి ఒక మేడం వస్తోంది. ఇంట్లో చెప్పకు.

గిలక్కాయ

---

మన ఇల్లు, వెనక వరండా,
జూన్ 20

అమ్మడూ,

విచారణ ఈపాటికి అయిపోయుంటుంది. ఏం తేలినా సరే, ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ పెద్దావిడ ఇల్లు కనుక్కుని వెళ్ళు. ఆవిడకి వినబడదు కాబట్టి చెప్పాల్సింది పెద్ద అక్షరాలతో రాసుకుని వెళ్ళు. నీళ్ళు నమలకుండా రాయి. పువ్వులూ పళ్ళూ తర్వాత సంగతి.

ఇది చెప్పేశాను కాబట్టి ఇక నవ్వనీ. మునివేళ్ళ మీద దిగిన లాయరు దగ్గర నేను ఆగలేకపోయాను. మావయ్య కంగారుగా వచ్చి "కాలు నొప్పి పుడుతోందా అమ్మా" అని అడిగారు.

నీలాంటివి మా ఆఫీసులో చాలా జరిగాయి. మా మేనేజరు జీతాల జాబితా మీద "అందరికీ రెట్టింపు ఇస్తే ఎంతవుతుందో" అని సరదాగా లెక్క వేయించాడు. ఆ మెలిక పుణ్యమా అని ఆ నెల అందరికీ రెట్టింపు పడింది. రెండు రోజులు ఆయన దేవుడు. మూడో రోజు వెనక్కి అడిగాడు. నీ తప్పు ఎవరూ వెనక్కి అడిగేది కాదు, సంతోషించు.

ఒక్కటి మాత్రం ఆలోచిస్తున్నాను. కోర్టు పేరు రాశావు, మార్కెట్ పేరు రాశావు, డిపో పేరు కూడా చివరికి రాశావు. గొంతు బస్సెక్కే గడియారం సందుకి ఏం పేరు పెట్టావో రెండు ఉత్తరాల్లోనూ రాయలేదు. మర్చిపోయావా?

నీ వదిన

---

సైకిల్ షాపు మేడ మీద గది,
జూన్ 29

వదినా,

నీ కళ్ళు పడని చోటంటూ ఉండదా?

వరసగా చెప్తాను. విచారణలో పెద్దాఫీసు మేడం నా స్క్రిప్టు కాగితాల మీద అచ్చేయించి తెచ్చింది. "ఇది అల్లరా, అజ్ఞానమా?" అని అడిగింది. "రెండూనండి. అల్లరి కావాలని చేశాను, అది బయటికి పోతుందని మాత్రం తెలీదు" అన్నాను. మెలిక గుర్తు చూపించి, ఫోటో, మీసాలు, రైలు, అన్నీ చెప్పాను. మేడం నవ్వు ఆపుకుని కాగితాలు సర్దుకుంది. "ఈ అమ్మాయిని ఉంచాలో వద్దో మీరే చెప్పండి" అని సైలెన్సర్ వైపు తిరిగింది.

ఆయన గొంతు సవరించుకుని, "తప్పు ఎక్కడుందో తనే వెతికింది. ఎవరి మీదికీ నెట్టలేదు. మూడు నెలల గడువు ఇంకా అవలేదు" అన్నాడు. మూడు వాక్యాలు. బయటికొచ్చాక మెకానిక్కులు ఒకరికొకరు చెప్పుకుంటుంటే నాలుగో వాక్యం కూడా ఉందని పుకారు పుట్టింది.

ఆ తర్వాత నన్ను ఒక్కదాన్నే పిలిచి, "సైలెన్సర్ అంటే నేనేనా?" అని అడిగాడు.

"అవునండి."

"డిపో అంతా అంటారా?"

"అవునండి."

కాసేపు కిటికీలోంచి చూసి, "పేరు బాగానే ఉంది" అన్నాడు.

శిక్ష ఏమిటంటే, స్క్రిప్టు మొత్తం మళ్ళీ తనిఖీ చేసేదాకా బోర్డులన్నీ ఆపేస్తారు. అది జులై చివరి వారంలో. ఆ వారమంతా నేను గేర్ అక్క బస్సులో నిలబడి, ప్రతి స్టాపు పేరూ రాసిన అట్ట పైకెత్తి చూపించాలి. మిగతా బస్సుల్లో కండక్టర్లు చూపిస్తారు. ఆ వారం స్పీకర్లు కూడా పనిచేయవట, అందుకని పేర్లు అరిచి చెప్పడానికి మా బస్సులో నాతోపాటు ఇంకొకరు ఉంటారు. ఎవరో నువ్వే ఊహించుకో.

పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ బట్టలు కుట్టేదట, ఇంట్లో ఇంకా మిషనుంది. నేను రాసుకెళ్ళిన కాగితం కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. "త్వరగా ఇంటికెళ్ళండి అని చూశాను. ఎవరో భలే రాశారే అని నవ్వుకుంటూ కూర్చున్నా. ఆ నవ్వులోనే స్టాపు దాటిపోయింది" అంది. వినబడని వాళ్ళు కదా, చాలా గట్టిగా మాట్లాడుతుంది. వీధి మొత్తం కిటికీలు తెరిచింది. నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని "ఏడుస్తూ మాట్లాడితే నీ పెదాలు చదవలేను, ఏదో ఒకటే చెయ్యి" అంది. మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళి పాపని చూశాం. చిటికెన వేలంత ముక్కు. నా వేలు పట్టుకుని వదల్లేదు.

ఇక గడియారం సందు. రాస్తున్నాను, ఒక్కసారే రాస్తాను. "గొంతు గారి మలుపు, గుండె జాగ్రత్త". ఆ రోజు ఊళ్ళో ప్రతి బస్సూ ఆ మలుపు తిరిగింది వదినా. అతను కూడా చూశాడు. అప్పటినుంచి నేను కౌంటర్ వైపు వెళ్ళడం లేదు. నా గొడుగు పోయింది, అక్కడే ఉంటుంది, అయినా తడుస్తూనే వస్తున్నాను.

నీకూ ఒక ప్రశ్న. నీ మొన్నటి ఉత్తరం మూల మీద నల్ల మరకుంది. కింద షాపాయనకి చూపిస్తే వాసన చూసి "చైను గ్రీజు" అన్నాడు. మెట్ల మీద కాలు బెణికినవాళ్ళకి చైను గ్రీజు ఎలా అంటింది?

గిలక్కాయ

---

మన ఇల్లు, డాబా మీద,
జులై 6

నా బంగారు మరదలా,

డాబా మీద ఎందుకు రాస్తున్నానంటే కింద అత్తయ్య ఉంది. ఇది చదివాక చింపెయ్.

నేను సైకిల్ నేర్చుకుంటున్నాను.

నవ్వు, పూర్తిగా నవ్వేసి మళ్ళీ ఇక్కడికి రా. చిన్నప్పుడు మా ఇంట్లో ఒక్కటే సైకిల్ ఉండేది, అది తమ్ముడిది. నేను వెనక సీటు. కాలేజీకి బస్సు, ఆఫీసుకి బస్సు, ఎక్కడికైనా మీ అన్నయ్య బండి వెనక సీటు. ముప్పై ఆరేళ్ళొచ్చాయి, నేను ఎప్పుడూ ఎవరో ఒకరి వీపే చూస్తూ వెళ్ళానని ఈ వేసవిలో ఒకరోజు ఉన్నట్టుండి అనిపించింది. మావయ్యకి చెప్పాను. నవ్వుతారేమో అనుకున్నాను. ఆయన వెళ్ళి మాస్టారి మనవరాలి సైకిల్ అడిగి తెచ్చారు. సీటు ఎత్తు సరిచేశారు. పొద్దున నడకకి వెళ్తున్నామని అత్తయ్యతో చెప్పి, ఇద్దరం స్కూలు మైదానానికి వెళ్ళేవాళ్ళం.

మావయ్య వెనక సీటు పట్టుకుని పరిగెడతారు. ఆ వయసులో ఆ పరుగు చూడాలి నువ్వు. ఆ రోజు "పట్టుకున్నారా మావయ్యా" అంటే "పట్టుకునే ఉన్నానమ్మా" అన్నారు. ఆ మాట మరీ దూరం నుంచి వచ్చినట్టుంది. తిరిగి చూస్తే ఆయన మైదానం అవతలి మూల నిలబడి చెయ్యి ఊపుతున్నారు. అంటే అంతదూరం నేను ఒక్కదాన్నే వచ్చానన్నమాట. ఆ సంతోషంలో గోడ చూసుకోలేదు.

కాలు అలా బెణికింది. మెట్లంటూ ఏమీ లేవు. తర్వాత చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా అని ఊడిన చైను నేనే ఎక్కించాను, నీకు చిక్కిన మరక అదే. మావయ్య నన్ను ఆ సైకిల్ మీదే కూర్చోబెట్టి నడిపించుకుంటూ ఇంటికి తెచ్చారు, దారంతా "మీ అత్తయ్యకి చెప్పకు" అని నాకు చెప్తూ, "ఏం చెప్పాలి, ఏం చెప్పాలి" అని తనలో తను గొణుక్కుంటూ. నీకు చెప్పనందుకు కోపం తెచ్చుకోకు. నాలుగు రోజులు బాగా తొక్కగలిగాక, నేనే నీ ఎదురుగా తొక్కుతూ రావాలనుకున్నాను.

ఇప్పుడు కాలు నయమైంది. రేపటినుంచి మళ్ళీ నడక మొదలు.

గుండె జాగ్రత్త అట. నా ముందు ఏ సినిమాకీ కన్నీళ్ళు పెట్టని పిల్లవి. ఆ వారం ఏం జరిగిందో ఒక్క ముక్క వదలకుండా రాయి. వదిలితే నాకు తెలిసిపోతుంది.

నీ వదిన

---

సైకిల్ షాపు మేడ మీద గది,
ఆగస్టు 3

వదినా, వదినా,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. కూర్చుంటే కుదరడం లేదు.

సోమవారం పొద్దున అట్టల కట్ట పట్టుకుని బస్సెక్కాను. గొంతు ముందు వైపు, గేర్ అక్క పక్కన. నేను మధ్యలో. మొదటి స్టాపు వచ్చింది, అతని పెదాలు కదిలాయి. ఎవరికీ వినబడలేదు. గేర్ అక్క "అబ్బాయ్, నాకే వినబడలేదు, వెనకవాళ్ళకేం వినబడుతుంది" అంది. మైకు లేకపోతే అతనికి మాట పైకి రాదట. నేను అట్ట ఎత్తాను, జనం చదువుకుని దిగారు. అలా మొదటి రోజంతా ఊరికి గొంతు నేనే అయ్యాను.

మంగళవారం గడియారం సందు దగ్గర అట్ట ఎత్తి, అతని మొహం కనబడకుండా ఆ అట్టతోనే అడ్డం పెట్టుకున్నాను. అట్ట అవతలి నుంచి మెల్లగా వినబడింది.

"ఒకటి అడగాలి. జాగ్రత్త అన్నారు కదా, అది ఎక్కేవాళ్ళకా, దిగేవాళ్ళకా?"

"దిగనివాళ్ళకి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. తర్వాత మూడు స్టాపులకి తప్పు అట్టలు ఎత్తాను.

బుధవారం నా గొడుగు తెచ్చిచ్చాడు. ఊడిపోయిన కమ్మి కుట్టించి మరీ. గురువారం వాన, ఎవరికీ ఏమీ వినబడలేదు, అయినా మేం ఇద్దరం మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామంటే నాకు ఒక్కటీ గుర్తు లేదు, ఇది మాత్రం దాచడం కాదు.

శుక్రవారం. పెద్దావిడ పాపని చూడటానికి బయల్దేరి మా బస్సెక్కింది. ముందు అడ్డ సీట్లో, గొంతుకి ఎదురుగా కూర్చుంది. నేను వెనక ఉన్నాను. గొంతు వంగి గేర్ అక్క చెవిలో ఏదో గొణుగుతున్నాడు. పెద్దావిడ అతని పెదాలనే చూస్తోంది. తర్వాత నా వైపు తిరిగి, బస్సు అద్దాలు అదిరేలా అంది:

"అమ్మాయీ, ఈ బాబు ఏమంటున్నాడో తెలుసా? రేపటితో నీ శిక్ష అయిపోతుందట. నీ చేత ఇంకో తప్పు ఎలా చేయించాలా అని ఆలోచిస్తున్నాడట."

గేర్ అక్క స్టీరింగు మీద తల ఆనించి భుజాలు కదుపుతోంది, ఎర్ర లైటు పడింది కాబట్టి సరిపోయింది. పెద్దావిడ ఇంకా ఆపలేదు. "ఇంకా ఏదో అన్నాడు, మధ్యలో చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చెయ్యి తీసి మళ్ళీ చెప్పు బాబూ" అంది.

గొంతు చెవులు బోర్డు మీది అక్షరాల్లా ఎర్రబడ్డాయి. బస్సు కదిలింది. గడియారం సందు వచ్చింది, అతని డ్యూటీ దిగే టైం అదే. అతను లేచి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మైకు లేదు. గోడలకి పరుపుల్లేవు. వెనక సీటు దాకా, ఫుట్‌బోర్డు మీదున్నవాళ్ళ దాకా వినబడేలా అన్నాడు:

"గడియారం సందు. దిగవలసినవారు దిగండి. నేను దిగడం లేదు."

ఎవరూ దిగలేదు వదినా. దిగాల్సిన లాయరు కూడా కూర్చుండిపోయి, ఏమవుతుందో చూస్తానన్నాడు. చివరి స్టాపు దాకా అందరూ మాతోనే వచ్చారు.

స్క్రిప్టు తనిఖీ కూడా అయింది. అవసరం లేని చోట్ల ఉన్న మెలికలన్నీ తీసేశాను, ఆట కోసం వేరే కాపీ, అసలుది వేరే. సైలెన్సర్ మొత్తం చదివి సంతకం పెట్టి, "ఉంటున్నావు" అని ఒక్క మాట అన్నాడు. ఆయన లెక్కలో అది ఉపన్యాసం.

వచ్చే ఆదివారం ఇంటికొస్తున్నాను. ఒక్కదాన్నే కాదు. అమ్మానాన్నలకి నువ్వే చెప్పాలి. అన్నయ్యకి చివర్లో చెప్పు, నవ్వడం మొదలుపెడితే ఆపడు.

నీ గిలక్కాయ

---

మన ఇల్లు, వీధి గుమ్మం,
ఆగస్టు 7

గిలక్కాయ్,

మావయ్యకి చెప్పాను. ఆయన ఆనందంలో వెంటనే పక్కింటి మాస్టారికి ఫోన్ చేశారు, స్పీకర్ పెట్టి. మాస్టారు పక్క గోడ అవతలే ఉన్నారు. మీ అన్నయ్య నవ్వడం మొదలుపెట్టాడు, ఇంకా ఆపలేదు.

అత్తయ్యకి చెప్పడం ఆలస్యమైంది, ఎందుకంటే ఆవిడే నాకు ఒకటి చెప్పాల్సొచ్చింది. నిన్న పొద్దున నేనూ మావయ్యా నడకకని బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, "ఆ సైకిల్ వెనక సీటుకి మెత్త కట్టించారా?" అంది. మావయ్య చెప్పులు ఒకదానికొకటి మారిపోయాయి. మైదానం ఎదురింటావిడ మొదటి రోజే చెప్పిందట. ఎప్పటికైనా మేమే చెప్తామని చూస్తూ ఊరుకుందట. కాలు బెణికిన రోజు మెట్ల మీద అని మేం అబద్ధమాడుతుంటే, లోపలికెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని నవ్విందట.

అప్పుడు నీ సంగతి చెప్పాను. ఆవిడ "మైకు లేకుండా అంత గట్టిగా అన్నాడా?" అని అడిగింది. అన్నాడన్నాను. "అయితే రానీ" అంది. కళ్ళు తుడుచుకుని, వెనక సీటు వైపు చూసి, "పోస్టాఫీసు దాకా తీసుకెళ్తావా, నేను కూడా ఎక్కుతాను" అంది.

ఈ ఉత్తరం మధ్యలో ఆపి ఇద్దరం బయల్దేరాం, ఇప్పుడు పోస్టు డబ్బా మీద ఆనించి పూర్తి చేస్తున్నాను. వీధి మలుపు దాకా అత్తయ్య నా నడుం పట్టుకుని కళ్ళు మూసుకుంది. తర్వాత తెరిచింది. తర్వాత చేతులు రెండూ వదిలేసింది. పాలవాడు పక్కకి తప్పుకున్నాడు. మావయ్య వెనక పరిగెడుతూ పట్టుకోమని అరుస్తున్నారు, ఎవరినో ఆయనకే తెలియదు. డబ్బా దగ్గర ఆగి, "వచ్చేశాం, దిగండి అత్తయ్యా" అన్నాను.

ఆవిడ దిగడం లేదు. ఇంకో చుట్టు తిప్పమంటోంది.

నీ వదిన